బ్రేక్స్ సభలో పెట్టిన పేరు

2006 ఆగస్టు 11. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి నైరుతి కొసన, కెంటకీ సరిహద్దును ఆనుకుని ఉన్న బ్రేక్స్ పార్కులో సెనేటర్ జార్జ్ అలెన్ ఎన్నికల సభ పెట్టారు. వంద మంది దాకా వచ్చారు. వాళ్ల మధ్య వీడియో కెమెరా పట్టుకుని ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడు నిలబడ్డాడు. పేరు ఎస్.ఆర్. సిద్ధార్థ్. తల్లిదండ్రులు భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు. అలెన్ మీద పోటీ చేస్తున్న జిమ్ వెబ్ తరఫున పనిచేస్తున్నాడు. అలెన్ ఏ ఊళ్లో మాట్లాడితే ఆ ఊరికి వెళ్లి రికార్డు చేయడం అతని పని. అక్కడి ఎన్నికల్లో ఇది మామూలే, ఇలాంటివాళ్లను ట్రాకర్లు అంటారు.

అలెన్ మాట్లాడుతూ మాట్లాడుతూ అతని వైపు వేలు చూపించారు. ఇదిగో, ఈ పసుపు చొక్కా అతను, మకాకా, పేరేదో ఏదైతేనేం, మా ప్రత్యర్థి మనిషి, మా వెంట ఊరూరా తిరుగుతున్నాడు అన్నారు. ఇంకాస్త సాగదీసి, మకాకాకు స్వాగతం పలుకుదాం అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట: "అమెరికాకు స్వాగతం, వర్జీనియా అసలు ప్రపంచానికి స్వాగతం." జనంలో నవ్వులు, కేకలు. ఇదంతా సిద్ధార్థ్ చేతిలోని కెమెరాలోనే రికార్డవుతోంది. ఆ సభలో తెల్లవాడు కాని మనిషి తానొక్కడేనని అతను తర్వాత చెప్పాడు.

ఆ సభలో "మకాకా"కు అర్థం తెలిసినవాళ్లు ఎందరో చెప్పడం కష్టం. అది కోతుల్లో ఒక ప్రజాతికి శాస్త్రవేత్తలు వాడే పేరు. మన గుళ్ల మెట్ల మీద కొబ్బరి చిప్పలు లాక్కుపోయే కోతి శాస్త్రీయ నామం మకాకా రేడియాటా. కాంగోను బెల్జియం ఏలిన రోజుల్లో అక్కడి తెల్లవాళ్లు ఆఫ్రికన్లను ఈసడించడానికి వాడిన ఫ్రెంచి తిట్టు కూడా ఈ మాటలోంచి వచ్చిందే. అయితే వర్జీనియా కొండల్లోని సభకు కాంగో చరిత్ర తెలియాల్సిన పని లేదు. తెలుగిళ్లలో అల్లరి చేసే పిల్లవాణ్ని "ఒరే కోతీ" అని పిలుస్తారు, అందులో ముద్దు తప్ప ఇంకేమీ ఉండదు. కాబట్టి తిట్టు ఏదో తేల్చడానికి నిఘంటువు సరిపోదు.

అసలు దెబ్బ రెండో మాటలో ఉంది. సిద్ధార్థ్ పుట్టింది, పెరిగింది వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. చదువుతున్నది వర్జీనియా విశ్వవిద్యాలయంలో. "స్వాగతం" చెప్పిన అలెన్ పుట్టింది కాలిఫోర్నియాలో. తండ్రికి వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఉద్యోగం వచ్చాక 1970ల మొదట్లో ఆ కుటుంబం ఇటు వచ్చింది. ఆయన చదివింది కూడా అదే విశ్వవిద్యాలయంలో. ఇద్దరిలో వర్జీనియాకు వలస వచ్చినవారు ఎవరైనా ఉన్నారంటే అది అలెనే. అయినా వేదిక మీద ఉన్నాయన ఇంటివాడయ్యాడు, కింద ఉన్నవాడు చుట్టపుచూపుగా వచ్చినవాడయ్యాడు. తేడా ఒంటి రంగులోనే ఉంది.

ప్రచారంలో జాతి తిట్టు చేసే పని ఇదే. మకాకా స్థానంలో ఇంకే మాట పెట్టినా అదే జరిగేది. ఎదుటివాడు ఏం చెబుతున్నాడన్న చర్చ పక్కకు పోతుంది, అసలు ఇక్కడ మాట్లాడే హక్కు అతనికి ఉందా అన్న అనుమానం ముందుకొస్తుంది. విమర్శకు జవాబు చెప్పవచ్చు, ఆధారాలు చూపించవచ్చు. నువ్వు ఇక్కడివాడివి కావు అన్నదానికి ఏం జవాబు చెబుతారు? పుట్టిన సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని తిరగాలా? బరాక్ ఒబామా చివరికి ఆ పని కూడా చేయాల్సి వచ్చింది. దేశాధ్యక్షుడిగా ఉండి 2011లో తన పూర్తి జనన ధ్రువపత్రాన్ని బయటపెట్టారు. అప్పటికీ నమ్మనివాళ్లు నమ్మలేదు.

అలెన్ శిబిరం మొదట సర్దిచెప్పుకుంది. కుర్రాడి హెయిర్ కట్‌ను చూసి సరదాగా అన్న మాటేనంది. ఆ మాటకు అర్థమే తనకు తెలియదని, ఏదో నోటికొచ్చినట్టు అనేశానని అలెన్ చెప్పారు. ఇది ఒక్క అలెన్ సంగతి కాదు. ఈ రకం మాటలన్నిటికీ తప్పించుకునే దారి ముందే ఉంటుంది. తిట్టు మరీ బాహాటంగా ఉంటే మధ్యస్థంగా ఉన్న ఓటరు జడుసుకుంటాడు. అర్థం సగం తెలిసీ సగం తెలియనట్టుంటే, వినాల్సినవాడికి వినపడుతుంది, నిలదీసినవాడికి "అబ్బే, నా ఉద్దేశం అది కాదు" అని చెప్పుకోవచ్చు. పైగా నొచ్చుకున్నవాడే అతిగా స్పందించినవాడవుతాడు. అలెన్‌కు ఈ దారి మూసుకుపోవడానికి కారణం ఆ రెండో వాక్యమే. మకాకాను జుట్టు మీదికి నెట్టవచ్చు. "అమెరికాకు స్వాగతం" అన్నదాన్ని ఏ జుట్టు మీదికి నెడతారు?

ఇంకో కారణం వీడియో. యూట్యూబ్ పుట్టి అప్పటికి ఏడాదిన్నర. అంతకుముందు ఇలాంటి చిన్న సభలో అన్న మాట ఆ చెట్ల కిందే ఉండిపోయేది. ఎవరైనా విలేకరి రాసినా "నేనలా అనలేదు" అంటే సరిపోయేది. ఈసారి గొంతు, వేలు, నవ్వులు అన్నీ ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చేశాయి. నేరుగా ఫోన్ చేసి సిద్ధార్థ్‌కు క్షమాపణ చెప్పడానికి అలెన్‌కు పది రోజులకు పైనే పట్టింది.

వేసవిలో ధీమాగా ఉన్న మనిషి ఆయన. 2008లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తారని పేరు వినిపించేది. నవంబరులో దాదాపు 24 లక్షల ఓట్లు పోలైతే, వెబ్ చేతిలో తొమ్మిది వేల చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ సీటుతో సెనేట్ 51-49తో డెమొక్రాట్ల వైపు వెళ్లింది. ఒక్క మాట సెనేట్‌ను మార్చేసిందని అప్పట్లో చాలామంది రాశారు. అంత తేలిగ్గా అనడానికి లేదు. ఇరాక్ యుద్ధంతో జనం విసిగిపోయి ఉన్నారు, అధ్యక్షుడు బుష్ మీద వ్యతిరేకత దేశమంతా ఉంది, ఆ ఏడాది రిపబ్లికన్లు చాలాచోట్ల ఓడారు. కాకపోతే తేడా తొమ్మిది వేలే అయినప్పుడు, ఏ చిన్న కారణాన్నీ తీసిపారేయలేం.

ఈ కథలో ఎక్కువగా కలచివేసేది ఆ సభ తర్వాత, ఎన్నికకు ముందు జరిగింది. సెప్టెంబరులో ఒక చర్చా కార్యక్రమంలో విలేకరి ఒకామె అలెన్‌ను ఆయన తల్లి వంశం గురించి అడిగారు. ఆయన మండిపడ్డారు. తన మీద నిందలు వేస్తున్నారన్నట్టు మాట్లాడారు. మర్నాడు ఒప్పుకున్నారు. ఆయన తల్లి ట్యునీషియాలో యూదు కుటుంబంలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ట్యూనిస్‌కు వచ్చినప్పుడు ఆమె తండ్రిని నిర్బంధించారు. ఆ భయంతోనే అమెరికాకు వచ్చాక తన పుట్టుకను పిల్లలకు కూడా చెప్పకుండా దాచింది. ఆగస్టు చివర్లో కొడుకు అడిగితే చెప్పి, ఎవరితోనూ అనవద్దని మాట తీసుకుంది. ఆమెకు తెలుసు, పేరు పెట్టి వేరు చేశాక ఏమవుతుందో. ఆమె ఫ్రెంచి మాట్లాడే ఉత్తర ఆఫ్రికాలో పెరిగిన మనిషి కాబట్టి కొడుకు ఆ మాట ఇంట్లోనే విని ఉంటాడని కొందరు వాదించారు. అది రుజువయ్యే విషయం కాదు. రుజువైన విషయం ఇది: తన ఇంట్లోనే పరాయిగా ముద్ర పడిన మనిషి గాయం ఉండగా, కొడుకు ఇంకో ఇంటి పిల్లవాణ్ని పరాయివాణ్ని చేసి నవ్వించాడు.

మాట ఎదురుతన్నడం అన్నిసార్లూ జరగదు. ఎన్నిక గెలిపించిన తిట్లూ ఉన్నాయి. 1964 అక్టోబరులో ఇంగ్లండులోని స్మెథ్విక్ నియోజకవర్గంలో అదే జరిగింది. బర్మింగ్‌హామ్ పక్కన ఫౌండ్రీల ఊరది. పంజాబ్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి కూలి పనులకు చాలామంది వచ్చి చేరారు. ఆ ఎన్నికల్లో ఒక నినాదం ఊరంతా పాకింది: మీ పక్కింట్లోకి నల్లవాడు రావాలంటే లేబర్ పార్టీకి ఓటేయండి అని. నల్లవాడు అన్నచోట ఇంగ్లీషులో ఉన్నది అంతకన్నా నీచమైన మాట. దేశం లేబర్ వైపు మొగ్గితే స్మెథ్విక్ మాత్రం ఎదురు తిరిగింది. విదేశాంగ మంత్రి కాబోతున్న లేబర్ నాయకుడు ప్యాట్రిక్ గోర్డన్ వాకర్ అక్కడ ఓడిపోయారు. కన్జర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ గెలిచారు.

ఆ నినాదం తనది కాదని గ్రిఫిత్స్ అన్నారు. అయితే అన్నవాళ్లను ఖండించనన్నారు, అది జనం మనసులోని మాట అన్నారు. ఇక్కడే బ్రేక్స్‌కూ స్మెథ్విక్‌కూ తేడా. బ్రేక్స్‌లో మాటకు ఒక నోరు ఉంది, ఒక ముఖం ఉంది. స్మెథ్విక్‌లో మాటకు ఓనరు లేడు. కరపత్రాల్లో, గోడల మీద, పిల్లల నోళ్లలో తిరిగింది. లాభం అభ్యర్థికి వచ్చింది, పాపం ఊరి ఖాతాలోకి పోయింది. ఈ రోజు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫార్వర్డ్‌లు నడిచే దారి ఇదే. అభ్యర్థి నోట ఏమీ రాదు, పక్కనున్న వందమంది నోట వస్తుంది.

గెలుపుతో అది ఆగలేదు. స్మెథ్విక్‌లోని మార్షల్ స్ట్రీట్‌లో ఖాళీ అయిన ఇళ్లను కౌన్సిల్ కొని తెల్లవాళ్లకే ఇవ్వాలన్న ప్రయత్నం నడిచింది. అక్కడి భారతీయ కార్మిక సంఘం పిలుపు మీద అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ 1965 ఫిబ్రవరి 12న వచ్చి ఆ వీధిలో నడిచారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో హత్యకు గురయ్యారు. 1966లో మళ్లీ ఎన్నికలు వస్తే గ్రిఫిత్స్ ఓడిపోయారు.

మన దేశంలో ఇలాంటి ప్రచారం తెలుగువాళ్లను కూడా తాకింది. 1966లో బొంబాయిలో శివసేన పుట్టినప్పుడు దాని మొదటి గురి దక్షిణాదివాళ్ల మీద. "బజావ్ పుంగీ, హటావ్ లుంగీ" అన్నది అప్పటి నినాదం. తమిళుడా, మలయాళీనా, కన్నడిగుడా, తెలుగువాడా అన్న తేడా ఏమీ లేదు, అందరూ "మద్రాసీ"లే, అందరూ "లుంగీవాలా"లే. మద్రాసు నుంచి విడిపోవడానికి ప్రాణాలే ఇచ్చిన జాతికి మద్రాసీ అన్న పేరు! నగరంలో కామాఠీపురకు ఆ పేరు వచ్చిందే అక్కడ స్థిరపడిన తెలుగు కూలీల వల్ల. నగరాన్ని కట్టిన చేతులవి. ఎవరు పరాయివాళ్లో తేల్చేటప్పుడు అదేమీ లెక్కలోకి రాలేదు.

ఆ రోజుల్లో దక్షిణాదివాళ్లకు ఇంకో పేరు పెట్టారు: "యండు గుండు". దానికి అర్థం లేదు. దక్షిణాది మాటలు తమ చెవికి ఎలా వినపడుతున్నాయో అలా వెక్కిరించడమే అది. జాతి తిట్లలో అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా తేలిగ్గా పాకేదీ ఈ రకమే. 2020 అక్టోబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మేకన్ అనే ఊళ్లో జరిగిన సభలో సెనేటర్ డేవిడ్ పర్డ్యూ చేసింది ఇదే. కమలా హ్యారిస్ పేరు ఎత్తి, కమాలానో కమలానో, కమల మల మల, ఏమో నాకు తెలియదు, ఏదైతేనేం అన్నారు. జనం నవ్వారు. అప్పటికి ఆ ఇద్దరూ ఒకే సెనేట్‌లో దాదాపు నాలుగేళ్లుగా సభ్యులు. కమల అన్నది మన వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక కమలమ్మ పలికేంత తేలికైన పేరు. మూడు అక్షరాలు. నోరు తిరగకపోవడం అక్కడ అసలు కారణం కానే కాదు. నోరు తిరగని పేరున్నవాళ్లు మనవాళ్లు కారని గుర్తుచేయడం కారణం. పేరు తప్పుగా పలికారంతే అని ఆయన మనుషులు చెప్పారు. ఇక్కడా అదే తప్పించుకునే దారి.

2025 జూన్‌లో న్యూయార్క్ మేయర్ పదవికి డెమొక్రాట్ అభ్యర్థుల చర్చలో జోహ్రాన్ మమ్దానీ దీనికి వేరే జవాబు చెప్పారు. ప్రత్యర్థి ఆండ్రూ క్యూమో తన ఇంటిపేరును పదే పదే తప్పు పలుకుతుంటే, వేదిక మీదే అక్షరం అక్షరం విడదీసి చెప్పి, పలకడం నేర్చుకోండి అన్నారు. నవంబరులో గెలిచింది మమ్దానీయే. పేరు మార్చుకోవడం కన్నా పలకడం నేర్పడం మేలని చూపించిన సందర్భంగా ఆ కొద్ది క్షణాల వీడియోను లక్షలమంది చూశారు. అమెరికా వెళ్లి వెంకటేశ్వర్లును వెంకీగా, సుబ్బారావును సబ్‌గా కుదించుకున్న తెలుగువాళ్లకు అది ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ విషయంలో మన చేతులూ శుభ్రంగా లేవు. పక్క భాష చెవిన పడితే "అరవగోల" అన్నది మనమే. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు హైదరాబాద్ ఆఫీసుల్లో, హోటళ్లలో పనిచేస్తుంటే వాళ్లందరినీ నేపాలీలు అనేసేదీ మనమే.

మరి పేరు పెట్టినవాడికి ఏ నష్టమూ లేకపోతే? డొనాల్డ్ ట్రంప్ ఈ లెక్క మార్చేశారు. అలెన్ కాలంలో మాట జారితే దాచుకునేవారు, సంజాయిషీ ఇచ్చేవారు. ట్రంప్ పేరు పెట్టాక దాన్ని వందసార్లు అంటారు, టోపీ మీద అచ్చేసిన బ్రాండులా చేస్తారు. సెనేటర్ ఎలిజబెత్ వారెన్‌కు ఆయన "పోకహాంటస్" అని పేరు పెట్టారు. తన పూర్వీకుల్లో అమెరికా ఆదివాసులు ఉన్నారని వారెన్ చెప్పుకున్న మాట మీద అది వెక్కిరింపు. ఆమె చెప్పుకున్నదాన్ని ఆదివాసులే తప్పుపట్టారు, తర్వాత ఆమె చెరోకీ జాతికి క్షమాపణ కూడా చెప్పారు. కాబట్టి విమర్శకు కారణం లేకపోలేదు. అయితే ఆ పేరు ఎవరిది? నాలుగు వందల ఏళ్ల కిందట వర్జీనియాలో బతికిన ఒక నిజమైన స్త్రీది. ఇంగ్లండు తీసుకుపోతే 1617లో అక్కడే, ఇరవై దాటిన వయసులోనే చనిపోయిందామె. 2017 నవంబరు 27న శ్వేతసౌధంలో, రెండో ప్రపంచ యుద్ధంలో తమ భాషతో రహస్య సందేశాలు నడిపిన నవాహో వృద్ధ సైనికులను సన్మానిస్తూ ట్రంప్ ఆ పేరును మళ్లీ ఎత్తారు. వాళ్లు పక్కనే నిలబడి ఉన్నారు. వెనక గోడ మీద ఆండ్రూ జాక్సన్ చిత్రం. ఆదివాసులను వాళ్ల నేల నుంచి తరిమే చట్టం మీద 1830లో సంతకం చేసిన అధ్యక్షుడాయన. తిట్టు గురిపెట్టింది వారెన్‌కు, వెళ్లి తగిలింది ఆ ముసలి సైనికులకు.

వ్యక్తికి పెట్టే హేళన పేరుకూ జాతి తిట్టుకూ గీత ఇక్కడే గీయాలి. రాహుల్ గాంధీని "పప్పు" అన్నారు. 2017 గుజరాత్ ఎన్నికల్లో ఆ మాట ఉన్న ప్రచార ప్రకటనను ఎన్నికల అధికారుల కమిటీ ఒప్పుకోలేదు కూడా. అది అమర్యాదే, కాకపోతే దెబ్బ ఒక మనిషి దగ్గర ఆగుతుంది. మకాకా అన్నా, యండు గుండు అన్నా దెబ్బ సభలో లేనివాళ్లకు, ఇంకా ఓటు హక్కు రాని పిల్లలకు కూడా తగులుతుంది. 2024లో తన పార్టీలోనే తనకు పోటీగా నిలిచిన, భారత సంతతికి చెందిన నిక్కీ హేలీకి తల్లిదండ్రులు పెట్టిన నిమ్రత అన్న పేరును ట్రంప్ వంకరగా రాసి వెక్కిరించారు. ఆమె దక్షిణ కరోలినాలో పుట్టి, ఆ రాష్ట్రానికే గవర్నరుగా చేసిన మనిషి. అదే ఏడాది ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన జేడీ వాన్స్ భార్య చిలుకూరి ఉషను తెల్లజాతి ఆధిపత్యవాదులు ఆన్‌లైన్‌లో వేధించారు. గోదావరి జిల్లా మూలాలున్న కుటుంబం ఆమెది. ఆమె తెల్లమనిషి కాదని తమ మీద దాడి చేస్తున్నారని, తనకు ఆమె అంటే ప్రేమ అని వాన్స్ చెప్పుకోవాల్సి వచ్చింది. పార్టీ ఏదైనా, భర్త పదవి ఏదైనా, ఆ గీత అక్కడే ఉంది.

మన చట్టంలో దీనికి చోటుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం, జాతి, కులం, భాష పేరుతో ఓటు అడగడం, ద్వేషం రెచ్చగొట్టడం అవినీతి చర్యలు, రుజువైతే ఎన్నిక రద్దవుతుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో దీని పరిధిని పెంచి, అభ్యర్థి మతమో కులమో మాత్రమే కాదు, ఓటర్లవైనా సరే వర్తిస్తుందని చెప్పింది. అయితే చట్టం చేతికి చిక్కేది సూటి మాట. సగం వెక్కిరింపు, సగం జోకు అయిన మాట చిక్కదు. కెన్యా ఇంకో దారి పట్టింది. 2007 చివరి ఎన్నికల తర్వాతి హింసలో వెయ్యికి పైగా మనుషులు చచ్చిపోయారు. ఆ అనుభవంతో పుట్టిన జాతీయ సమైక్యతా సంఘం 2022 ఎన్నికలకు ముందు ప్రమాదకరమైన మాటల జాబితా ప్రకటించింది. అందులో "మడోఆడోఆ" ఒకటి. స్వాహిలీలో మచ్చలు అని అర్థం. ఇంట్లో గోడ మీది మరకకూ అదే మాట. ఎన్నికల సభలో అంటే, ఈ ప్రాంతంలో ఉండకూడని జాతులని.

తెలుగు రాష్ట్రాల్లో కూడా అలాంటి ఇంటి మాట ఒకటి ఉంది, "సెటిలర్". తెలంగాణ ఉద్యమంలో "తెలంగాణవాలే జాగో, ఆంధ్రావాలే భాగో" అన్న నినాదం వినిపించింది. ఉద్యోగాలు, నీళ్లు, నిధుల్లో జరిగిన అన్యాయం నిజం, దాని మీద కోపం న్యాయం. ఉద్యమకారుల్లో చాలామంది తమ పోరాటం పాలకుల మీదే గానీ బతకడానికి వచ్చినవాళ్ల మీద కాదని మళ్లీ మళ్లీ చెప్పారు కూడా. రాష్ట్రం వచ్చాక నినాదం పోయింది. మాట మిగిలింది. ఓట్లు కావాల్సి వచ్చినప్పుడు అన్ని పార్టీలూ "ఇక్కడ సెటిలర్లు ఎవరూ లేరు, అందరూ హైదరాబాదీలే" అంటాయి. ఫలితాల రోజు టీవీలో మాత్రం "సెటిలర్ల ఓట్లు ఎటు పడ్డాయి" అన్న చర్చే నడుస్తుంది. ఎవరూ తిట్టాలని అనరు, విశ్లేషకులు లెక్క కోసమే వాడతారు. అయినా కూకట్‌పల్లిలో పుట్టి, అక్కడే బడికి వెళ్లి, మొదటిసారి ఓటేయబోతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ చర్చ వింటుంటాడు. వాళ్ల తాత ఏ గుంటూరు నుంచో యాభై ఏళ్ల కిందట బస్సు దిగి ఉంటాడు. "కూకట్‌పల్లి ఓటర్లు" అన్నా ఆ లెక్క తప్పిపోదు.